హనుమకొండలో ఒక నలభై లీటర్ల అక్వేరియం: బోరు నీటికీ మే ఎండకూ తట్టుకునే మొక్కల ఎంపిక

గత నవంబరు రెండో వారంలో హనుమకొండలోని ఒక ఇంటి నుంచి, వారి అక్వేరియం తొట్టిని చూడమని నాకు పిలుపు వచ్చింది. ఆ ఇంటి పెద్దావిడ ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బోధించి పదవీ విరమణ పొందారు. చెరువుల్లో పెరిగే హైడ్రిల్లా అనే నీటి మొక్క కొమ్మలను గరాటు కింద పెట్టి, బీకరులో నీళ్లు పోసి, ఎండలో ఉంచి ఆక్సిజన్ బుడగలు పైకి రావడాన్ని ఏటా పిల్లలకు చూపించిన ఉపాధ్యాయురాలు. అలాంటి ఆవిడ తన ఇంటి తొట్టిలో ఏడాది కాలంలో మూడుసార్లు మొక్కలు నాటి, మూడుసార్లూ పోగొట్టుకున్నారు. "బడిల గాజు గ్లాసుల బతికిన మొక్క నా ఇంట్ల ఎందుకు బతుకుతలేదు బిడ్డా?" అని ఆవిడ అడిగిన ప్రశ్నే ఈ కేసుకు మొదలు. ఆ తరువాతి పది నెలల్లో చేసిన ప్రతి పనీ ఆ ప్రశ్నకు సమాధానం వెతకడంలో భాగమే కనుక, నేను చేసిన పొరపాట్లతో సహా అంతా ఇక్కడ రాస్తున్నాను.

తొట్టి కొలతలు రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. అంచు వరకు నింపితే 54 లీటర్లు పడుతుంది గానీ, అడుగున రెండంగుళాల ఇసుక వేసి, పైన అంగుళానికి పైగా ఖాళీ వదిలితే లోపల నిజంగా ఉండే నీరు 40 లీటర్లే. మందుల మోతాదులూ ఎరువుల మోతాదులూ లెక్కించేటప్పుడు ఈ రెండో అంకెనే తీసుకోవాలి. తొట్టి రెండో అంతస్తులో, స్లాబు కింద గదిలో, తూర్పు కిటికీ పక్కన ఉంది. ఉదయం రెండు గంటలపాటు నేరుగా ఎండ పడుతోంది. దానికి తోడు నీలం, గులాబీ రంగుల ఎల్‌ఈడీ దీపం పొద్దున లేచినప్పటి నుంచి పడుకునే దాకా వెలుగుతోంది. అడుగున తెల్లటి పాలరాతి ముక్కలు, వాటి మధ్య సముద్రపు గవ్వలు ఉన్నాయి. చేపలు రెండే, కానీ రెండూ అరచేతి పొడవు దాటిన గోల్డ్‌ఫిష్‌లు. అద్దాల నిండా పచ్చటి పాచి పట్టి ఉంది.

మొదట చనిపోయిన మొక్కల జాబితా అడిగాను. మూడు విడతల్లో కొన్నవాటిలో ఎర్రాకుల డ్రసీనా, లక్కీ బాంబూ, గడ్డి తివాచీలా పరుచుకుంటుందని చెప్పి అమ్మిన పొట్టి గడ్డి, ఎర్రటి కబొంబా ఉన్నాయి. వీటిలో మొదటి రెండూ నీటిలో బతికే మొక్కలే కావు. అవి నేలమీద పెరిగే జాతులు. వేళ్లు మాత్రం తడిలో ఉండి ఆకులు గాలిలో ఉంటే ఏళ్ల తరబడి బతుకుతాయి, పూర్తిగా ముంచితే ఒకటి రెండు నెలల్లో కుళ్లిపోతాయి. కుళ్లే ఆ ఒకటి రెండు నెలలూ చూడటానికి పచ్చగానే ఉంటాయి కాబట్టి, కొన్నవారు తమ చేతిలోనే లోపముందని అనుకుంటారు. ఈ ఉపాధ్యాయురాలు కూడా అలాగే అనుకున్నారు, ఆ మాట నాకు చాలా బాధ కలిగించింది. తరువాతి రెండూ నీటి మొక్కలే గానీ, గట్టి వెలుతురు, కరిగిన కార్బన్ డయాక్సైడ్, మెత్తని నీరు (కాఠిన్యత తక్కువగా ఉన్న నీరు) ఉంటే తప్ప సరిగా పెరగవు. గోల్డ్‌ఫిష్‌లు మెత్తటి ఆకులను తినేస్తాయి, వేళ్లు పట్టని మొక్కను పెకలించేస్తాయి. అందుచేత ఆ రెండింటికీ అవకాశమే లేకపోయింది.

ఆ తరువాత నీటిని పరీక్షించాను. ఇంట్లో రెండు రకాల నీరు ఉంది. బోరు నీటి టీడీఎస్ (కరిగిన లవణాల మొత్తం, లీటరుకు మిల్లీగ్రాముల్లో) 860, మొత్తం కాఠిన్యత చుక్కల పరీక్షలో 18 కాఠిన్యత డిగ్రీలు, అంటే కాల్షియం కార్బొనేట్ లెక్కన లీటరుకు సుమారు 320 మిల్లీగ్రాములు. కార్బొనేట్ కాఠిన్యత, అంటే నీటిలోని బైకార్బొనేట్‌ల కొలత, 14 డిగ్రీలు, పీహెచ్ 8. నల్లా నీటి టీడీఎస్ 240, మొత్తం కాఠిన్యత 7 డిగ్రీలు. మన నగరానికి వచ్చే నల్లా నీటిలో ఎక్కువ భాగం శ్రీరామసాగర్ కాకతీయ కాలువ ద్వారా ధర్మసాగర్, వడ్డేపల్లి చెరువులకు చేరిన గోదావరి నీరే. బోరు నీరు మాత్రం లోతైన రాతి పొరల్లో ఏళ్ల తరబడి నిలిచి లవణాలను కరిగించుకున్న నీరు. ఒకే ఇంటి రెండు కుళాయిల నుంచి వచ్చే ఈ రెండు నీళ్లూ మొక్కకు రెండు వేర్వేరు నేలల వంటివి. నల్లా రోజు విడిచి రోజు వస్తుంది కనుక ఆ ఇంట్లో తొట్టికి ఎప్పుడూ బోరు నీళ్లే పోస్తున్నారు.

సులభమైన మొక్కలు అని దుకాణాల్లోనూ వీడియోల్లోనూ వినిపించే జాబితాలపై నాకున్న అభ్యంతరం ఇక్కడే మొదలవుతుంది. ఆ జాబితాలు చల్లటి ఊళ్లలో, మెత్తని నీటిలో, 24 డిగ్రీల దగ్గర పెంచినవారి అనుభవం నుంచి వచ్చినవి. మన దగ్గర డిసెంబరులో తొట్టి నీరు 22 డిగ్రీలకు దిగుతుంది, మేలో 34 దాటుతుంది. ఈ అంతరాన్నీ ఈ కాఠిన్యతనూ తట్టుకోగలిగిన మొక్కే మనకు సులభమైన మొక్క. ఉపాధ్యాయురాలి హైడ్రిల్లా బడిలో బతకడానికి కారణం కూడా అదే: అది పక్క చెరువు నుంచి, అదే నీటి నుంచి, అదే ఎండ నుంచి వచ్చింది.

దీని వెనుక ఒక రసాయన కారణం ఉంది. పీహెచ్ 8 ఉన్న నీటిలో కార్బన్ ఎక్కువగా బైకార్బొనేట్ రూపంలో ఉంటుంది, కరిగిన కార్బన్ డయాక్సైడ్ అతి స్వల్పం. చాలా నీటి మొక్కలు కార్బన్ డయాక్సైడ్‌ను మాత్రమే తీసుకోగలవు కాబట్టి, ఇలాంటి నీటిలో అవి అర్ధాకలితో ఉంటాయి. కానీ వాలిస్నేరియా (రిబ్బన్ల వంటి పొడవాటి ఆకుల మొక్క), హైడ్రిల్లా, హార్న్‌వర్ట్ (సూదుల వంటి ఆకులతో నీటిలో తేలే మొక్క) వంటివి బైకార్బొనేట్ నుంచి కూడా కార్బన్‌ను తీసుకోగలవు. సిలిండర్లతో గ్యాస్ పంపకుండానే బోరు నీటిలో అవి గుబురుగా పెరగడానికి ఇదే కారణం. రెండో రకం మొక్కలు, అనూబియాస్, క్రిప్టోకోరైన్ వంటివి, బైకార్బొనేట్‌పై ఆధారపడవు గానీ వాటి పెరుగుదలే చాలా నిదానం. నెలకు ఒకటి రెండు ఆకులు వేసే మొక్కకు ఆ కొద్దిపాటి కార్బన్ డయాక్సైడ్ సరిపోతుంది. వేగంగా పెరిగేవి బైకార్బొనేట్ తినగలిగినవై ఉండాలి, మిగిలినవి నిదానంగా పెరిగేవై ఉండాలి. ఈ రెండు గుంపుల మధ్య పడే మొక్కలను, ఎంత అందమైనవైనా, ఈ తొట్టికి వద్దని నిర్ణయించాను.

మొక్కల కంటే ముందు తొట్టిని సరిచేశాము. గోల్డ్‌ఫిష్‌లకు ఆ తొట్టి ఎలాగూ చాలదు. పరకాలలో వారి తమ్ముడి ఇంట్లో ఉన్న పెద్ద సిమెంటు తొట్టికి వాటిని పంపించడానికి ఆవిడ వారం రోజులు ఆలోచించి ఒప్పుకున్నారు. తొట్టిని కిటికీ దగ్గర నుంచి లోపలి గోడకు మార్చాము. పాలరాళ్లనూ గవ్వలనూ తీసేశాము. బోరు నీటిలో అవి పెద్దగా కరగవు గానీ, మెత్తని నీరు కలిపినప్పుడు కరిగి కాఠిన్యతను మళ్లీ పెంచుతాయి, పైగా అంత పెద్ద ముక్కల మధ్య వేళ్లు పట్టు దొరకక ఊగిపోతాయి. వాటి స్థానంలో ఇల్లు కట్టేవారి దగ్గర దొరికే దొడ్డు ఇసుకను జల్లెడ పట్టి, కడిగిన నీళ్లు తేటగా వచ్చే వరకు కడిగి, రెండంగుళాల మందంగా పరిచాము. మరీ సన్నని ఇసుక అయితే గట్టిపడి, లోపల గాలి ఆడక, నల్లబడి కుళ్లిన గుడ్ల వాసన వేస్తుంది. ఇసుకలో సున్నపు ముక్కలుంటే వెనిగర్ తగలగానే నురగ వస్తుంది కనుక, దాని మీద నాలుగు చుక్కల వెనిగర్ వేసి నురగ రాలేదని చూసుకున్న తరువాతే వాడాము.

చెరువు మట్టి అడుగున వేసి పైన ఇసుక కప్పవచ్చా అని ఆవిడ అడిగారు. మిషన్ కాకతీయ పనుల్లో పూడిక మట్టిని పొలాలకు తోలినప్పుడు పంటలు బాగా వచ్చిన సంగతి వారి ఊళ్లో అందరికీ తెలిసినదే. ఆ మట్టిలో బలం ఉన్న మాట నిజం. అయితే ఆ బలంలో కొంత భాగం తొలి వారాల్లో అమ్మోనియాగా నీటిలోకి వస్తుంది, మొక్కను పెకలించిన ప్రతిసారీ తొట్టి అంతా బురదవుతుంది. పెద్ద తొట్టిలో, అనుభవమున్న చేతిలో అది మంచి పద్ధతే. నలభై లీటర్లలో మొదటిసారి నాటేవారికి నేను సూచించను. వేళ్ల ద్వారా తినే మొక్కల కోసం చిన్న మట్టి ముంతలు నాలుగు తీసుకొని, వాటిలో ఇసుకతో పాటు వేళ్ల దగ్గర పెట్టే ఎరువు బిళ్లలు వాడాము.

నీటి విషయంలో సగం నల్లా, సగం బోరు అని నిర్ణయించాము. నల్లా నీళ్లను బకెట్లో పట్టి, క్లోరిన్ పోవడానికి సోడియం థయోసల్ఫేట్ చుక్కలు వేసి, బోరు నీళ్లు కలిపితే కాఠిన్యత 12, 13 డిగ్రీల దగ్గర నిలిచింది. తాగే ఆర్‌ఓ నీళ్లే పోస్తే మేలు కదా అని చాలామంది అడుగుతారు. అందులో బైకార్బొనేట్ దాదాపు ఉండదు. పీహెచ్‌ను నిలకడగా పట్టి ఉంచేదే లేకపోతే చిన్న తొట్టిలో అది ఏ రాత్రి ఎటు జారుతుందో తెలియదు, మనం ఎంచుకున్న వాలిస్నేరియాకు ఆహారమూ ఉండదు.

డిసెంబరు మొదటి ఆదివారం నాటాము. వాలిస్నేరియా పది మొక్కలు, హార్న్‌వర్ట్ గుప్పెడు, వాటర్ విస్టీరియా ఆరు కొమ్మలు కరీంనగర్‌లో నాకు తెలిసిన ఒక పెంపకందారు తొట్టి నుంచి వచ్చాయి. అవి మొదటి నుంచీ నీటిలో మునిగి పెరిగినవి, పైగా మన నీటికి దగ్గరగా ఉండే నీటిలో పెరిగినవి కనుక దుకాణపు మొక్కల కంటే వాటినే కోరుకున్నాను. క్రిప్టోకోరైన్ వెండ్టీ నాలుగు, అనూబియాస్ నానా రెండు మాత్రం హైదరాబాద్ నుంచి కుండీల్లో వచ్చాయి. అన్నిటినీ పలుచటి గులాబీ రంగు వచ్చేంత పొటాషియం పర్మాంగనేట్ కలిపిన నీటిలో పది నిమిషాలు ఉంచి, మంచి నీటిలో కడిగి నాటాము. నత్తగుడ్లన్నీ దీనితో పోవు, ఆకుల అడుగున జిగురు ముద్దలుగా కనిపించినవాటిని గోటితో తీసేయవలసిందే.

నాటే పద్ధతిలో ఒక్క విషయం దగ్గర ఎక్కువ సేపు ఆగాను. అనూబియాస్‌కు పసుపు కొమ్ము వంటి లావుపాటి కొమ్ము ఉంటుంది. జగిత్యాల, నిజామాబాద్ వైపు పసుపు పండించే కుటుంబం నుంచి వచ్చిన ఆవిడ సహజంగానే దాన్ని ఇసుకలో పాతబోయారు. పసుపు కొమ్ము మట్టి లోపల పెరుగుతుంది, అనూబియాస్ కొమ్మును పాతిపెడితే కుళ్లిపోతుంది. దాని వేళ్లు మాత్రమే దిగాలి, కొమ్ము నీటికి తెరుచుకొని ఉండాలి. పడమటి ఆఫ్రికా వాగుల్లో అది రాళ్లనూ దుంగలనూ పట్టుకొని పెరిగే మొక్క. కనుక రెండు గ్రానైట్ రాళ్లకు నూలు దారంతో కట్టి పెట్టాము. దారం కుళ్లి ఊడేలోగా వేళ్లే రాయిని పట్టుకుంటాయి. వాలిస్నేరియాకు నియమం వేరు: వేళ్లు పూర్తిగా ఇసుకలో ఉండాలి గానీ, ఆకులన్నీ కలిసే తెల్లటి కుదురు ఇసుకపైన కనిపించాలి.

దీపం తెల్లటి 12 వాట్ల ఎల్‌ఈడీకి మార్చి, టైమరుతో రోజుకు ఆరు గంటలకు కట్టాము. ఆవిడకు ఇది చాలా తక్కువనిపించింది. మొక్కలు ఇంకా వేళ్లూనుకోని దశలో ఎక్కువ వెలుతురు ఇస్తే దాన్ని వాడుకునేది పాచి మాత్రమే అని చెప్పి, ఫిబ్రవరిలో ఏడు గంటలకు పెంచాము.

నాటిన ఐదో రోజున క్రిప్టోకోరైన్ ఆకులు జారుడుగా కరగడం మొదలై, పదో రోజుకు నాలుగింటిలో మూడు మొక్కలకు ఒక్క ఆకూ మిగల్లేదు. ఆవిడ ఫోను చేసి, తీసి పారేయమంటారా అని అడిగారు. శ్రీలంక నుంచి వచ్చిన ఈ జాతికి నీరు మారినప్పుడు ఆకులు రాల్చే స్వభావం ఉంది. గాలిలో పెంచి అమ్మిన మొక్క అయితే నీటిలో మునిగిన తరువాత పాత ఆకులను నిలుపుకోలేదు కూడా. వేళ్లు తెల్లగా గట్టిగా ఉన్నంత వరకు మొక్క బతికే ఉంటుంది. కరిగిన ఆకులను మాత్రమే తీసేసి వేళ్లను కదపవద్దని చెప్పాను. జనవరి మొదటి వారంలో మూడింటికీ సన్నని గోధుమరంగు చిగుళ్లు వచ్చాయి. ఈ మూడు వారాల ఓపిక లేకపోవడం వల్ల బతికున్న క్రిప్టోకోరైన్‌లను చెత్తబుట్టలో వేసిన ఇళ్లు నేను చాలా చూశాను.

ఈలోగా నీటి పైన తేలుతున్న హార్న్‌వర్ట్ తన పని తాను చేసింది. దానికి వేళ్లే ఉండవు, కావలసినవన్నీ ఆకులతోనే నీటి నుంచి తీసుకుంటుంది, అమ్మోనియాను సైతం. కొత్త తొట్టిలో అమ్మోనియాను నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా నిలదొక్కుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, ఆ వ్యవధిలో ఇలాంటి మొక్క పెద్ద అండ. అమ్మోనియా, నైట్రైట్ రెండూ వరుసగా వారం రోజులు సున్నా చూపించిన తరువాత, జనవరి మధ్యలో ఆరు మగ గప్పీలను వదిలాము. గప్పీలకు కఠిన జలం సరిపడుతుంది. మగవి మాత్రమే ఎందుకంటే, ఆడవి కలిస్తే నలభై లీటర్లు నాలుగు నెలల్లో నిండిపోతాయి.

మార్చిలో పొరపాటు నాది. హార్న్‌వర్ట్ పైభాగమంతా కమ్మేసి కింద వెలుతురు తగ్గిందని, నెలవారీ సందర్శనలో దాదాపు మొత్తం ఒకేసారి తీసేశాను. క్రిప్టోకోరైన్ అప్పటికి ఇంకా చిగుళ్ల దశలోనే ఉంది. నీటిలోని పోషకాలను తింటున్న మొక్కను తీసి, అదే సమయంలో వెలుతురును పెంచినట్లయింది. పన్నెండు రోజుల్లో విస్టీరియా ఆకుల మీదా రాళ్ల మీదా దారపు పోగుల వంటి పాచి పట్టింది. చేత్తో తీయడం, వారానికి రెండుసార్లు పావు వంతు నీరు మార్చడం, దీపాన్ని ఐదు గంటలకు తగ్గించడం, హార్న్‌వర్ట్‌ను మళ్లీ ఒక గుప్పెడు వేయడం ద్వారా అది అదుపులోకి రావడానికి ఐదు వారాలు పట్టింది. అప్పటి నుంచి ఏ తొట్టిలోనైనా వేగంగా పెరిగే మొక్కను ఒక విడతలో మూడో వంతుకు మించి తీయడం లేదు.

అదే నెలలో విస్టీరియా ముదురు ఆకుల్లో గుండుసూది రంధ్రాలు, వాటి చుట్టూ పసుపు అంచు కనిపించాయి. కొత్త ఆకులు పచ్చగా ఉండి పాత ఆకులకే రంధ్రాలు పడితే అది సాధారణంగా పొటాషియం లోపం, కొత్త ఆకులే పాలిపోతే ఇనుము లోపమని అనుమానించాలి. పొలానికి వాడే పొటాషియం సల్ఫేట్‌ను వారానికి అర గ్రాముకు కాస్త తక్కువగా నీటిలో కరిగించి వేశాము. నలభై లీటర్లలో అది లీటరుకు సుమారు 5 మిల్లీగ్రాముల పొటాషియం అవుతుంది. నెల రోజుల్లో కొత్త రంధ్రాలు ఆగాయి. పొలం ఎరువు పనికొచ్చిందని యూరియా గానీ డీఏపీ గానీ వేయకూడదు. అవి నీటిలో అమ్మోనియాను పెంచి చేపలను చంపుతాయి.

ఏప్రిల్ చివరి నుంచి అసలు పరీక్ష మొదలైంది. స్లాబు కింద గదిలో మే రెండో వారంలో సాయంత్రం నాలుగు గంటలకు నీరు 34.2 డిగ్రీలు చూపించింది. వేడి పెరిగిన కొద్దీ నీటిలో ఆక్సిజన్ తగ్గుతుంది: 25 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 8.2 మిల్లీగ్రాములు కరిగి ఉండగలిగితే, 34 దగ్గర 7 మిల్లీగ్రాములే. చేపల అవసరం మాత్రం అదే వేడికి పెరుగుతుంది. రాత్రిపూట మొక్కలు కూడా ఆక్సిజన్‌ను వాడుకుంటాయి కనుక, గుబురు తొట్టిలో తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి నోరు తెరవడం వేసవిలో తరచుగా చూస్తాము. అందువల్ల దీపం ఆరిన తరువాత గాలి పంపు పనిచేసేలా టైమరు పెట్టాము. దీపం సమయాన్ని మధ్యాహ్నం నుంచి సాయంత్రం ఐదున్నర తరువాతకు జరిపాము. మూత తీసి, సన్నని జాలీ కప్పి, చిన్న ఫ్యాను గాలి నీటి ఉపరితలం మీద పడేలా పెట్టాము. పొడి గాలి ఉన్న మే నెలలో ఇది నీటిని మూడు డిగ్రీల వరకు దించింది. జూన్ చివర గాలిలో తేమ పెరిగాక ఒక్క డిగ్రీ కూడా దించలేకపోయింది, అప్పటికి అవసరమూ తగ్గింది.

ఫ్యాను పెట్టినవారు తప్పక గమనించవలసిన సంగతి ఒకటుంది. ఆ రోజుల్లో రోజుకు లీటరుకు పైగా నీరు ఆవిరైంది. ఆవిరయ్యేది నీరు మాత్రమే, లవణాలు తొట్టిలోనే మిగులుతాయి. తగ్గిన నీటిని బోరుతో భర్తీ చేస్తే నెల తిరిగేసరికి కాఠిన్యత ఎక్కడికో పోతుంది. ఇక్కడ మాత్రం ఆర్‌ఓ నీరు పనికొస్తుంది: ఆవిరైన మేరకు ఆర్‌ఓ నీరు, వారానికోసారి మార్చే నీటికి సగం నల్లా, సగం బోరు.

వేసవి ఏ మొక్కను ఎలా వదిలిందో జూలైలో లెక్క చూశాము. వాలిస్నేరియా పది మొక్కల నుంచి పిలకలు తీసి ముప్పై దాటింది. హార్న్‌వర్ట్ ఆగకుండా పెరిగింది, కాకపోతే నీటి వేడి 33 డిగ్రీలు దాటిన వారాల్లో సూదుల్లాంటి ఆకులు రాల్చి ఫిల్టరు స్పాంజిని మూసేసింది. విస్టీరియా కింది ఆకులను పోగొట్టుకుంది, పైకొనలు కోసి మళ్లీ గుచ్చితే కోలుకుంది. క్రిప్టోకోరైన్ ఒకటి రెండోసారి ఆకులు రాల్చి తిరిగి లేచింది. అనూబియాస్ ఆకుల మీద కొద్దిగా పచ్చటి చుక్కల పాచి పట్టడం తప్ప ఏమీ కాలేదు. ఫిబ్రవరిలో ఆవిడ కోరిక మీద ఒక రాయికి కట్టిన జావా నాచు మాత్రం మే చివరికి గోధుమరంగుకు తిరిగి విడిపోయింది. నాచు జాతులు సాధారణంగా బైకార్బొనేట్‌ను వాడుకోలేవు, అంత వేడినీ కోరవు. నేను వద్దని గట్టిగా చెప్పవలసింది, చెప్పలేదు.

సెప్టెంబరులో చివరిసారి చూసినప్పుడు నైట్రేట్ లీటరుకు 10 నుంచి 15 మిల్లీగ్రాముల మధ్య ఉంది. ఆరు గప్పీలలో ఐదు ఉన్నాయి, ఒకటి జూన్‌లో పోయింది. ఇప్పుడు వారి పని వారానికి ముప్పావు గంట: పది లీటర్ల నీరు మార్చడం, అద్దం తుడవడం, వాలిస్నేరియాలో పొడవు మీరిన బయటి ఆకులను మధ్యలో కత్తిరించకుండా కుదురు దగ్గర నుంచి పూర్తిగా తీయడం. మధ్యలో కత్తిరించిన ఆకు కొన గోధుమరంగుకు మారి మెల్లగా కుళ్లుతుంది.

మిగులు మొక్కలను భద్రకాళి చెరువులో వదలవచ్చా అని వారి మనుమడు అడిగాడు. మన చెరువులను కమ్మిన గుర్రపు డెక్క దక్షిణ అమెరికా నుంచి అందం కోసం తెచ్చిన మొక్కే. మన హైడ్రిల్లా కూడా 1950ల తొలినాళ్లలో అక్వేరియం వ్యాపారం ద్వారా అమెరికాలోని ఫ్లోరిడాకు చేరి అక్కడి కాలువలను పూడ్చేసింది. ఇక్కడ పుట్టిన జాతి అయినా సరే, తొట్టి నీటితో పాటు వెళ్లే నత్తలూ రోగాలూ చెరువుకు కొత్తవి కావచ్చు. కాబట్టి తీసిన మొక్కలను ఆవిడ మేడ మీద రెండు రోజులు ఎండబెట్టి, పూర్తిగా కరకరలాడాక కుండీల్లోని మల్లె మొక్కల మొదట్లో వేస్తున్నారు. బతికున్న పిలకలు కావాలని అడిగిన ఇద్దరు పొరుగువారికి మాత్రం, ముందు వారి ఇంటి బోరు నీళ్లు సీసాలో తెచ్చి చూపించిన తరువాతే ఇచ్చారు.